జూదమూ - ఇల్లాలూ



వంటా వార్పూ ముగించుకుని, కాసేపు నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు జూదం సంగతి ఎందుకు, మనమేమన్నా పేకముక్కలు పట్టుకుని కూర్చున్నామా అని మీరు అనుకోవచ్చు. నిజమే, మనలో చాలామందిమి ముక్క ముట్టనివాళ్ళమే. కాని ఆడేవాడు ఒకడు, అప్పు తీర్చేది మరొకరు. పాత కథలు తిరగేసినా, కొత్త పేపరు తిరగేసినా ఆ మరొకరు చాలాసార్లు ఇల్లాలే. అందుకనే ఈ చరిత్ర మనం తెలుసుకోవలసింది.

భారతంలో జూదఘట్టం మనందరికీ తెలుసు. ధర్మరాజు సంపదలు ఒడ్డాడు, తమ్ముళ్ళను ఒడ్డాడు, తననే ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ఇంత జరుగుతున్నప్పుడు ద్రౌపది ఎక్కడుంది? లోపల, ఆడవాళ్ళ వైపు ఉంది. సభలో ఏం జరుగుతున్నదో ఆమెకు తెలీదు. అంతా అయిపోయిన తరవాత ప్రాతికామి వచ్చి కబురు చెప్పాడు. అప్పుడామె ఒక్క ప్రశ్న వేసింది. ముందు తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా, కనుక్కుని రమ్మంది. భీష్ముడంతటి పెద్దమనిషి కూడా ఆ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేకపోయాడు.

ఈ కథలో అందరూ ద్రౌపదికి జరిగిన అవమానమే తలుచుకుంటారు. నాకు మాత్రం దానికంటే ముందు జరిగిన అన్యాయం ఒకటి కనపడుతుంది. కబురు ఆమెకు అందరికంటే చివర తెలిసింది. ఆట జరిగేటప్పుడు తెలిసివుంటే రెండో పందేనికో, మూడో పందేనికో ఆ ప్రశ్న అడిగివుండేది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. ఆట ఇల్లాలి కంట పడినన్నాళ్ళూ ఆమె ఏదో ఒకటి చేయగలిగింది. కంట పడకుండా పోయినప్పుడల్లా ఇల్లు కూలిన చప్పుడే ఆమెకు మొదటి కబురు అయింది.

భారతం కంటే వెనక్కి పోయినా ఇదే కథ. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు అని ఒక సూక్తం ఉంది. పాచికల వ్యామోహంలో పడి భార్యను పోగొట్టుకున్నవాడు, అత్తగారి చేత ఛీ అనిపించుకున్నవాడు అందులో తన కష్టం తానే చెప్పుకుంటాడు. ఇక ఆడను అని ఒట్టు పెట్టుకుంటాడు, పాచికలు గలగలమనగానే మళ్ళీ లేచి పోతాడు. చివరికి, పాచికలు మాని సేద్యం చేసుకోమని హితవు. మూడువేల ఏళ్ళ కిందటి మాట ఇది. ఒట్టు ఒక్కటే చాలదని ఆనాడే తెలుసన్నమాట.

మన నెల్లూరికీ ఈ కథలో చోటుంది. సభాపర్వం నన్నయగారు తెనిగించారు. పదమూడో శతాబ్దంలో, పెన్న ఒడ్డున మనుమసిద్ధి కొలువులో ఉండి, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు రాసినవారు తిక్కనగారు. ఆ విరాటపర్వంలో ధర్మరాజు ఏ వేషం వేశాడు? కంకుభట్టు. రాజుతో పాచికలాడటమే అతని కొలువు! ఏ ఆటలో సర్వమూ పోయిందో ఆ ఆటనే నమ్ముకున్నాడు. ఒకనాడు ఆటలో మాటా మాటా పెరిగి విరాటరాజు పాచికతో కొట్టాడు. ధర్మరాజు ముఖాన నెత్తురు కారింది. ఆ నెత్తురు నేల మీద పడకుండా పట్టింది ఎవరు? సైరంధ్రి పేరుతో అక్కడున్న ద్రౌపదే. ఆడింది ఆయన, కొట్టింది రాజు, నెత్తురు పట్టింది ఆమె. ఇంతకంటే నేను వేరే చెప్పాలా?

ఇక చట్టాల సంగతికి వద్దాం. ఇంగ్లీషువాళ్ళు 1867లో జూదం మీద ఒక చట్టం చేశారు. నెల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది కనుక 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం మనకు వర్తించింది. తరవాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. ఈ చట్టాలన్నిటికీ ముఖ్యంగా పట్టింది జూదం జరిగే చోటు. పదిమంది చేరి డబ్బు పెట్టి ఆడే ఇల్లు ఏది, అక్కడ కాయ ఎవరిది, కమీషను తీసుకునేది ఎవరు అని పోలీసులు చూస్తారు. ఇంటికి గోడలుంటాయి, తలుపుంటుంది, కనుక పట్టుకోవచ్చు.

ఇల్లాలికి కూడా అప్పట్లో ఆ చోటు తెలిసేది. మన సముద్రపు ఒడ్డునే తీసుకోండి. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె, తుమ్మలపెంట - ఈ పక్క ఊళ్ళలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేట నిషేధం. అరవైయొక్క రోజులు. పడవ ఒడ్డెక్కి ఉంటుంది, వల నీడన పడి ఉంటుంది, మగవాడికి చేతినిండా తీరిక. సరుగుడు తోపులోనో, పడవ నీడనో, మూడుముక్కలాటో, లోపలా బయటో మొదలవుతుంది. కాని ఏ తోపులో ఎవరు కూర్చున్నారో పల్లెలో ఆడవాళ్ళకు తెలియకుండా ఉండదు. చంకన బిడ్డతో పోయి నాలుగు కేకలేసి లేపుకొచ్చేవాళ్ళు. మాట వినకపోతే పెద్దల దగ్గర పెట్టేవాళ్ళు. మత్స్యకారుల పల్లెల్లో కులపెద్దలు వేసే కట్టుబాటును దురాయి అంటారు. దురాయి దాటడం మగవాడికైనా తేలిక కాదు. ఆటను ఆపడానికి ఒక కంఠమూ, ఒక కట్టుబాటూ ఉండేవి.

కాని జూదం ఎప్పుడూ తోపులోనే కూర్చోలేదు. మెల్లిమెల్లిగా వేషం మార్చుకుంటూ ఇంటివైపు నడిచొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పదబంధ ప్రహేళికల పోటీలు దేశంలో ఒక ఊపు ఊపాయి. పత్రికలో గళ్ళు నింపి, రుసుము కట్టి పంపితే వేలకు వేలు బహుమతి. చూడటానికి చదువుకున్నవాళ్ళ కాలక్షేపం, పోస్టులో జరిగే ఆట. దానిమీద 1955లో పార్లమెంటు ఒక చట్టం చేసి, ఇలాంటి పోటీల్లో బహుమతుల మొత్తం నెలకు వెయ్యి రూపాయలు మించకూడదంది. పోటీలవాళ్ళు సుప్రీంకోర్టుకెక్కారు. 1957లో కోర్టు, జూదం వ్యాపారం కిందికి రాదు పొమ్మంది. తెలివితేటలతో గెలిచే పోటీ వేరు, అదృష్టాన్ని నమ్ముకున్న పోటీ వేరు అని కూడా చెప్పింది. తెలివీ, అదృష్టమూ అనే ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ముందు ముందు వీటితో చాలా పనుంది.

తరవాతది మట్కా. దీని పుట్టుక విచిత్రం. న్యూయార్కులో పత్తి ధర ఎంతకు మొదలై ఎంతకు ముగిసిందో బొంబాయికి తంతి వచ్చేది. ఆ అంకెల మీద బొంబాయిలో పందాలు కాసేవాళ్ళు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయింది. పత్తి పోయినా పందెం పోలేదు. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ ఊరికే అంకెలు తీసి చెప్పే ఆట పెట్టారు. కుండలో చీటీలు వేసి తీసే అలవాటు వల్ల మట్కా అన్న పేరు వచ్చింది. మన వైపు బ్రాకెట్టు అన్నా ఇలాంటి అంకెలాటే. దీనికి నలుగురు చేరే చోటు అక్కర్లేదు. బడ్డీకొట్టులో ఒక చిన్న చీటీ రాయించుకుంటే సరి. ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసుకుందాం. చీరలు చూసేటప్పుడు, చిట్టీ కట్టేటప్పుడు లెక్కలో మనల్ని మించినవాళ్ళు లేరు కదా. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. ఒక్క అంకె మీద రూపాయి కాస్తే, తగిలినవాళ్ళకు తొమ్మిది రూపాయలిస్తారు. పదిమంది అక్కచెల్లెళ్ళం తలా ఒక అంకె మీద తలా ఒక రూపాయి కాశామనుకోండి. ఒకళ్ళకు తప్పకుండా తగులుతుంది. ఆట పెట్టినవాడి చేతికి వచ్చింది పది, పోయింది తొమ్మిది. ఆటకొక రూపాయి వాడికి మిగిలింది. వాడు మోసం చేయలేదు, అబద్ధమాడలేదు. చేతిలో ఉన్నదంతా మళ్ళీ మళ్ళీ కాస్తూ పోతే, పది ఆటలు తిరిగేసరికి మన వంద రూపాయల్లో సగటున మిగిలేది ముప్పై అయిదు. నిజాయితీగా జరిగిన జూదంలోనే ఇలా ఉంటే, మోసపు జూదం సంగతి చెప్పేదేముంది? పేరు ఏదైనా, రంగు ఏదైనా, పెట్టేవాడికి వాటా లేని ఆట ఎవడూ పెట్టడు.

రమ్మీ సంగతి మరొక మలుపు. సికింద్రాబాదులో ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడుముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టం కాదు, ఏ ముక్క పడిందో జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అది ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట అన్నారు. ఈ సగం తీర్పు దేశమంతా ప్రచారమైంది. ఆ తీర్పులోనే మరో సగం ఉంది. పందెం పెట్టి ఆడే ఆట మీద ఇంటివాడో, క్లబ్బువాడో లాభం తీసుకుంటుంటే మాత్రం నేరం కావచ్చు అని. చాలా ఏళ్ళ తరవాత ఫోనులో రమ్మీ పెట్టిన కంపెనీలు మొదటి సగాన్ని తలకెత్తుకున్నాయి. ప్రతి ఆటలోనూ వాటా తీసుకుంటూ, ఇది తెలివితేటల ఆట అని ప్రకటనలు గుప్పించాయి.

ఇంతలో మన జిల్లా ఆడవాళ్ళు చేసిన ఒక ఘనకార్యం చెప్పకుండా ముందుకు పోలేను. అది జూదం మీద కాదు, సారా మీద. 1990 తరవాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. రాత్రిబడుల్లో చదివించిన సీతమ్మ కథ అనే పాఠం ఆడవాళ్ళను ఆలోచింపజేసింది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి ఊళ్ళోనుంచి సారా అంగడిని తరిమారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా అంటుకుంది. సారా పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. అది 1997లో సడలిపోయిన మాటా నిజమే. అయినా ఓ సంగతి తేలింది. అంగడి కంటికి కనపడితే, ఆడవాళ్ళు నలుగురు కలిస్తే, దాన్ని మూయించగలరు.

మరి ఆ అంగడి మగవాడి చొక్కా జేబులోకి వచ్చి కూర్చుంటే? అదే జరిగింది. 2008లో ఐపీఎల్ క్రికెట్టు వచ్చింది. వేసవి రాత్రుల్లో ప్రతి ఓవరుకూ పందెం. 2016లో యూపీఐ చెల్లింపులు వచ్చాయి, ఆ ఏడాది చివర ఫోనులో డేటా చవకైంది. పేకముక్కలూ, మట్కా అంకెలూ, క్రికెట్టు పందాలూ అన్నీ ఆ అరచేతి అద్దంలోకి చేరాయి. డబ్బు కోసం వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కే పని కూడా లేకుండా అప్పులిచ్చే యాప్‌లు పక్కనే వచ్చాయి. మగవాడు ఎక్కడికీ పోడు. రాత్రి పదింటికి ఇంట్లోనే, మంచం మీదే, మన పక్కనే ఉంటాడు. ఊళ్ళో పనులు మాని ఇంటిపట్టున ఉన్నాడని మనం సంతోషిస్తుంటాం కూడా!

2017లో నెల్లూరులో క్రికెట్టు పందాల మీద పోలీసులు పెద్దయెత్తున దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆ రోజుల్లో పేపర్లు చూసినవాళ్ళకు అది గుర్తుండే ఉంటుంది. అదే ఏడు తెలంగాణలోనూ, 2020లో మన ఆంధ్రప్రదేశ్‌లోనూ గేమింగ్ చట్టాలు సవరించి ఫోనులో పందెం ఆటల్ని, రమ్మీతో సహా, నిషేధించారు. మన చట్టంలో ఆడేవాడికి కూడా జైలు శిక్ష పెట్టారు. అయినా ఒక రాష్ట్రం మూసిన తలుపు మరో దారిన తెరుచుకునేది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదించారు. తెలివా, అదృష్టమా అన్న పాత గొడవను ఆ చట్టం పక్కన పెట్టేసింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆట ఏదైనా సరే, నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేసినా శిక్షే. ఆడినవాణ్ణి మాత్రం ఆ చట్టం నేరస్థుడిగా కాక బాధితుడిగా చూసింది. దేశంలో 45 కోట్లమంది ఏటా సుమారు 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారని అప్పుడు ప్రభుత్వ వర్గాలు అంచనా చెప్పాయి.

చట్టం వచ్చింది కదా, ఇక మనకేం భయం అనుకోకండి. సారా నిషేధం తరవాత నాటుసారా వచ్చినట్టే, దేశం బయటినుంచి నడిచే దొంగ యాప్‌లు ఉంటాయి. వాటిలో గెలిచిన డబ్బు కూడా చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. అందుచేత చట్టం చేసే పని చట్టాన్ని చేయనిద్దాం, మన ఇంట్లో మన పని ఒకటుంది.

ముందుగా తెలుసుకోవలసింది, ఇది జబ్బు కావచ్చునన్న సంగతి. జూదరిని పాపి అన్నారు, పనికిమాలినవాడు అన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగాల పట్టికలో దీన్ని చేర్చింది. 2013లో సారా, మత్తుమందుల వ్యసనాల పక్కనే దీనికి చోటిచ్చింది. 2022 నుంచి అమలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనూ ఇది ఉంది. ఎప్పుడో ఒకసారి గెలిచే ఆట, ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆట మనసును గాలంలా పట్టేస్తుంది. ఒక్క అంకెలో తప్పిపోయిందంటే ఓడిపోయానని తోచదు, గెలుపు దగ్గరకొచ్చిందని తోస్తుంది. దానికితోడు పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న తపన. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనకొక సామెత ఉంది. చెవి దుద్దు పోతే ఆ మాట మంచిదే. జూదంలో డబ్బు పోతే అంతకంటే చెడ్డ సలహా లేదు.

నాకు తెలిసిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. ఊరు పేరు, మనిషి పేరు అడగవద్దు. సముద్రం వైపు ఒక ఊరు. భర్త రొయ్యల గుంటల దగ్గర లెక్కలు రాసే ఉద్యోగి. నెమ్మదైన మనిషి, సిగరెట్టు కూడా తాగడు. ఒకరోజు అప్పులవాడు గుమ్మంలోకి వచ్చి నాలుగు మాటలనేదాకా ఆమెకు ఏమీ తెలీదు. నాలుగు లక్షలు. ఆమె ఏడ్చింది, తిట్టింది, బిడ్డ తల మీద ఒట్టు వేయించుకుంది. గాజులూ, గొలుసూ కుదువ పెట్టి, పుట్టింటికి కూడా చెప్పకుండా, గుట్టుగా అప్పు తీర్చేసింది. ఇంటి పరువు కాపాడుకున్నాననుకుంది. ఎనిమిది నెలలు తిరక్కముందే ఈసారి ఆరు లక్షలు. “నువ్వు పెట్టిన గొలుసు విడిపించి నీ చేతికివ్వాలనే ఆడాను” అన్నాడట. అతను అబద్ధం చెప్పలేదు. ఆ జబ్బు తీరే అది.

రెండోసారి ఆమె చేసిన పని మొదటిసారే చేసివుంటే బాగుండేదని ఆమే నాతో అంది. తమ్ముణ్ణీ, మామగారినీ కూర్చోబెట్టి అతని చేతే అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించింది. అప్పులవాళ్ళకు నెలకింత అని గడువు పెట్టించింది, ఒక్కసారిగా తీర్చలేదు. జీతం తన ఖాతాలో పడేటట్టు చేసుకుంది. డాక్టరు దగ్గరకు వెంట పోయింది. మధ్యలో ఒకసారి మళ్ళీ ఆడాడు. ఆ సంగతి ఆ రాత్రే అతనే చెప్పాడు. ఆమెకు అది ఓటమిగా తోచలేదు. కబురు మొదటిసారిగా తనకే ముందు తెలిసింది కదా! ఇంకా అప్పు ఉంది. గొలుసు ఇంకా కుదువలోనే ఉంది. కాని ఇల్లు నిలబడింది.

ఆమె అనుభవమూ, వైద్యులు చెప్పే మాటలూ కలిపి నాలుగు సంగతులు చెబుతాను, గుర్తు పెట్టుకోండి.

గుర్తులు చూడండి. ఫోను బోర్లా పెట్టడం, స్నానాలగదిలోకి కూడా తీసుకుపోవడం, రాత్రిళ్ళు మేలుకోవడం, ఊరికే చిరాకు, మళ్ళీ అంతలోనే కారణం లేని ఉత్సాహం. కరెంటు బిల్లుకూ, పిల్లల ఫీజుకూ చివరి రోజు దాకా డబ్బు కుదరకపోవడం. చిన్నచిన్న చేబదుళ్ళు. తెలియని నంబర్ల నుంచి ఫోనులు. వీటిలో ఒకటుంటే అనుమానపడనక్కర్లేదు, నాలుగు కలిస్తే అడగాలి. ఆడి వచ్చిన రాత్రి, కోపంలో అడగవద్దు. మరునాడు పొద్దున నెమ్మదిగా, “అప్పెంతో చెప్పండి, కలిసి చూద్దాం” అని అడగండి.

అప్పును గుట్టుగా తీర్చేయకండి. తీర్చినకొద్దీ మళ్ళీ ఆడటానికి చోటు చేసినట్టే. ఎంత అప్పుందో మొత్తం కాగితం మీదకు రావాలి. ఇంటి ఖర్చు డబ్బు మీ చేతికి రావాలి. ఫోనులో చెల్లింపు పరిమితి తగ్గించాలి. ఇంటి పత్రాలు, నగలు మీ అజమాయిషీలో ఉండాలి. మీ ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు భర్తకైనా, కొడుక్కైనా అడగ్గానే చెప్పేయకండి. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి.

వైద్యం ఉందని నమ్మండి. 14416 అనే నంబరు రాసుకోండి. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. ఇది టెలిమానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన సహాయ కేంద్రం. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. జబ్బు మనిషే చెయ్యక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు కూడా చేసి సలహా అడగవచ్చు. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఈ ఫోను వ్యసనాలకే ఒక ప్రత్యేక విభాగం ఉంది. దొంగ యాప్ వల్ల డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

నాలుగో మాట అన్నిటికంటే ముఖ్యం. “నేను లేకపోతే మీకు బాగుంటుంది” అనే మాట నోట వస్తే దాన్ని బెదిరింపు అనుకోకండి. అప్పుల్లో మునిగిన మనిషికి చావు ఒక దారిలా కనిపించే ప్రమాదం నిజంగా ఉంది. ఒంటరిగా వదలకండి. “డబ్బు పోతే పోయింది, మీరుంటే చాలు” అనండి. వెంటనే ఆ 14416కు గాని, 112కు గాని ఫోను చేసి, ఆసుపత్రికి తీసుకుపొండి.

మన పిల్లలు చాలామంది దేశాలు దాటి ఉన్నారు. ఇంగ్లండులోనూ, ఆస్ట్రేలియాలోనూ ఫోను పందాలు చట్టప్రకారమే జరుగుతాయి. అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పవలసింది వేరు. ఆడితే, సినిమా టిక్కెట్టులా పోయినా పరవాలేదనుకున్న డబ్బే ముందు తీసిపెట్టుకోవాలి, టైము పెట్టుకోవాలి, అప్పు చేసి ఆడకూడదు, పోయినదాని కోసం ఆడకూడదు, దిగులుగా ఉన్నప్పుడు ఆడకూడదు. అవి చేతకావడం లేదని తెలిసిననాడే పూర్తిగా మానాలి. తనను ఏ కంపెనీ ఆడనివ్వకుండా తనే పేరు రాయించుకునే ఏర్పాటు ఇంగ్లండులో గామ్‌స్టాప్ పేర 2018 నుంచీ, ఆస్ట్రేలియాలో బెట్‌స్టాప్ పేర 2023 నుంచీ ఉంది. క్రెడిట్ కార్డు మీద పందెం కాయడాన్ని ఇంగ్లండు 2020లోనే మాన్పించింది. జూదరులే ఒకరికొకరు తోడుండే సంఘం 1957లో అమెరికాలో పుట్టి చాలా దేశాలకు పాకింది. ఇంట్లోవాళ్ళకు కూడా ఇలాంటి సంఘం ఒకటుంది. మాట్లాడుకుంటేనే సగం బరువు దిగుతుందని వాళ్ళు నేర్చుకున్నారు.

ఇంకొక్క మాట, మనలో మనకు. మగవాళ్ళ గురించే చెప్పాననుకోకండి. మధ్యాహ్నం తోచక ఫోనులో రంగురంగుల ముక్కలు కదిపి, పది రూపాయలతో మొదలుపెట్టి మంగళసూత్రం దాకా పోయిన ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు సిగ్గు రెండింతలు, అందుకని రహస్యమూ రెండింతలు. అక్కా, ఇది విని మీ గుండె గతుక్కుమంటే, ఇవాళే ఎవరో ఒక్కరికి చెప్పండి. మిమ్మల్ని కేకలేసేవాళ్ళకు కాదు, మీ మాట వినేవాళ్ళకు.

అట్లాగని ఇంట్లో ఆటలే వద్దని నేననను. మన అమ్మమ్మలు అష్టాచెమ్మా ఆడారు, పచ్చీసు ఆడారు, గవ్వలు గలగలలాడించారు. ఓడినవాళ్ళు నవ్వేవాళ్ళు, గెలిచినవాళ్ళు చింతపిక్కలు పోగేసుకునేవాళ్ళు. ఆట అయ్యాక అందరూ కలిసి అన్నాలకు లేచేవాళ్ళు. నలుగురి మధ్యనా ఆడే ఆటకూ, దాచుకుని ఆడే ఆటకూ తేడా అదే.

దూబగుంటలో ఆడవాళ్ళకు అంగడి ఎదురుగా కనపడింది. మనకు కనపడదు. అయినా ప్రతి నెలా మొదటి ఆదివారం, కాఫీలు తాగాక, భార్యాభర్తలిద్దరూ బ్యాంకు పుస్తకాలూ, ఫోనులో చెల్లింపులూ ముందు పెట్టుకుని ఒక అరగంట కూర్చోండి. మీ లెక్కా చూపించండి, వారి లెక్కా చూడండి. అందులో అనుమానం ఏమీ లేదు, సంసారంలో అది మామూలు పనిగా ఉండనివ్వండి. ద్రౌపది అడిగిన ప్రశ్న మనం ముందే అడుగుదాం. ప్రాతికామి వచ్చేదాకా ఆగవద్దు.

సెలవు.